దాచిపెట్టడం సబ్ర్ కాదు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన ఇళ్ళలో క్యాన్సర్‌ను ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో 'బడీ బీమారీ' అంటారు. తెలుగు మాట్లాడే ఇళ్ళలో 'పెద్ద జబ్బు' అంటారు. ఆ మాట కూడా గొంతు తగ్గించే అంటారు. పేరెత్తితే అది తమ గడప తొక్కుతుందేమోనన్న భయం ఒకటి, ఇరుగుపొరుగు చెవిన పడితే పరువు పోతుందన్న జంకు మరొకటి. ఈ రెండింటి మధ్య రోగి నలిగిపోతుంది. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఇల్లాలు రంజాన్ పోనీ అనుకుంటుంది, తర్వాత బక్రీద్ పోనీ అనుకుంటుంది, ఆ తర్వాత పెద్దమ్మాయి నికాహ్ కానీ అనుకుంటుంది. ఎవరైనా గట్టిగా అడిగితే "అల్లాహ్ రాసిపెట్టిందే జరుగుతుంది, సబ్ర్ చేస్తున్నాను" అంటుంది. విన్నవాళ్ళు ఆమె ఓర్పును మెచ్చుకుని వెళ్ళిపోతారు.

ఈ శుక్రవారం మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అది సబ్ర్ కాదు. రోగాన్ని దాచిపెట్టడానికి, రోగాన్ని ఓర్చుకోవడానికి చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియకనే మన సమాజంలో ఎందరో తల్లులు, తండ్రులు బతకవలసిన వయసులో వెళ్ళిపోతున్నారు.

రోగం ఎంత? భయం ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 14 లక్షల మంది క్యాన్సర్ బారిన పడ్డారు. ఆ ఒక్క సంవత్సరంలోనే 9 లక్షల మందికి పైగా మరణించారు. స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది రొమ్ము క్యాన్సర్, సుమారు 1 లక్షా 92 వేల మందికి. దాని తర్వాతది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, సుమారు 1 లక్షా 27 వేల మందికి. పురుషుల్లో మొదటి స్థానం నోటి క్యాన్సర్‌ది. ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఈ మూడూ శరీరంలో ఎక్కడో అందని చోట దాగి ఉండేవి కావు. గడ్డ చేతికి తగులుతుంది. నోటిలో పుండు అద్దంలో కనబడుతుంది. గర్భాశయ ముఖద్వారంలో మార్పును కొద్ది నిమిషాల పరీక్షతో డాక్టరమ్మ పసిగట్టగలదు. తొందరగా దొరికే అవకాశం ఉన్న రోగాలే మన దగ్గర ఆలస్యంగా బయటపడుతున్నాయంటే లోపం ఎక్కడుందో విజ్ఞులు ఆలోచించాలి.

క్యాన్సర్ అంటే ఏమిటి? మన శరీరం కోటానుకోట్ల కణాలతో ఏర్పడింది. పాత కణం పోయి కొత్త కణం రావడానికి సృష్టికర్త ఒక లెక్క పెట్టాడు. ఆ లెక్క తప్పి కొన్ని కణాలు అదుపు లేకుండా పెరిగిపోవడమే క్యాన్సర్. అది మొదట ఒకచోట గడ్డగానో, పుండుగానో ఉంటుంది. పట్టించుకోకపోతే చుట్టుపక్కలకు పాకుతుంది. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, ఎముకలకు, కాలేయానికి చేరుతుంది. పత్తి సాగు చేసే మన ప్రాంతం వారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. కలుపు రెండాకులప్పుడు చేత్తో పీకేస్తే పోతుంది. విత్తనం రాలి చేనంతా పరుచుకున్నాక ఎంతమంది కూలీలను పెట్టినా కష్టమే. కలుపుకు తగిన అదను ఉన్నట్టే ఈ రోగానికీ ఉంది.

క్యాన్సర్ అంటురోగం కాదు. రోగి తాగిన గ్లాసుతో నీళ్ళు తాగినా, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నా, ఆమె పక్కన పడుకున్నా రాదు. అయినా కొన్ని ఇళ్ళలో రోగికి పళ్ళెం వేరు చేస్తారు, మనవళ్ళను దగ్గరికి రానివ్వరు. ఇది రోగం కంటే పెద్ద శిక్ష. అలాగే "ఆ ఇంట్లో తల్లికి క్యాన్సరట, పిల్లను చేసుకుంటే మనకూ వస్తుంది" అని సంబంధాలు వెనక్కి పోతున్నాయి. వైద్యులు చెప్పేదేమంటే, నూరు మంది క్యాన్సర్ రోగుల్లో అయిదు నుంచి పది మందికి మాత్రమే అది వంశపారంపర్యంగా వచ్చినది. అటువంటి కుటుంబాల్లో కూడా ముందు జాగ్రత్తగా పరీక్షలు చేయించుకుంటే సరిపోతుంది. ఆడపిల్ల నికాహ్ ఆగిపోతుందని తల్లి తన గడ్డను దాచుకోవడానికి ఆ తల్లి ఒక్కతే కారణం కాదు. అలా ఆలోచించే మనమందరమూ కారణమే.

'సూది గుచ్చితే, కత్తి పెడితే పాకుతుంది' అన్న మాట కూడా మన వీధుల్లో బాగా వినిపిస్తుంది. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించనిదే అది ఏ రకం గడ్డో, ఏ మందు వాడాలో తెలియదు. పరీక్ష వల్ల రోగం ముదరదు. పరీక్షకు భయపడి నాటు వైద్యుని పసరు కట్టించుకుంటూ నెలలు గడపడం వల్ల ముదురుతుంది.

తఖ్దీర్‌ను అర్థం చేసుకోవాలి

విధి వ్రాతను నమ్మడం మన ఈమాన్‌లో భాగం. ఇందులో రెండో మాట లేదు. అయితే తఖ్దీర్ పేరు చెప్పి చేతులు ముడుచుకోమని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. రోగం వచ్చినప్పుడు వైద్యం చేయించుకోమని దైవప్రవక్త ముహమ్మద్ (స) తన అనుచరులకు బోధించారు. రోగాన్ని ఇచ్చిన అల్లాహ్ దానికి మందు కూడా ఇచ్చాడని తెలియజేశారు. ఒంటెను కట్టి ఆ తర్వాత దైవంపై భారం వేయమన్న ఆయన బోధన మన పిల్లలు మదర్సాలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో, క్రీ.శ. 639 ప్రాంతంలో, షామ్ దేశంలో ప్లేగు వ్యాపించింది. ఆ దేశానికి బయలుదేరిన హజ్రత్ ఉమర్ దారిలోనే ఈ వార్త విని, సహచరులతో సంప్రదించి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధి నుంచి మరో విధి వైపే వెళుతున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. లోయలో ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే, ఒంటెలను పచ్చిక మీద మేపినా బీడు మీద మేపినా రెండూ దైవ నిర్ణయమే కదా అని వివరించారు. గొర్రెల మందతో ఎండాకాలం పచ్చిక వెతుక్కుంటూ పోయే మన పల్లెల వారికి ఈ ఉపమానం ఇట్టే అర్థమవుతుంది. బీడులో నిలబడి ఇదే నా రాత అనుకునే కాపరి ఎవరూ ఉండరు. రోగం తఖ్దీర్ అయితే ఆసుపత్రి కూడా తఖ్దీరే.

వెయ్యి సంవత్సరాల నాడు స్పెయిన్‌లోని కుర్తుబా నగరంలో అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ అనే ముస్లిం వైద్యుడు ఉండేవారు. ముప్పై భాగాల వైద్య గ్రంథం 'అత్తస్రీఫ్' ఆయన రచన. రొమ్ము వంటి చోట వచ్చిన క్యాన్సర్ చిన్నదిగా, మొదటి దశలో ఉంటే దాన్ని పూర్తిగా కోసి తీసివేయాలని, ముదిరి పెద్దదైతే కత్తి వల్ల ప్రయోజనం లేదని ఆయన తేల్చి చెప్పారు. మత్తుమందు లేని కాలంలో, సూక్ష్మదర్శిని లేని కాలంలో ఆ మహనీయుడు గ్రహించిన సత్యం అదే. ముందుగా వస్తేనే మేలు. ఈనాడు శస్త్రచికిత్సతో పాటు కీమోథెరపీ, రేడియేషన్ ఉన్నాయి. ముదిరిన రోగానికి కూడా కొంత ఉపశమనం ఉంది. అయినా జహ్రావీ చెప్పిన సూత్రం మారలేదు.

దువా చేయించుకోవద్దని మేము అనడం లేదు. దువా విశ్వాసి ఆయుధం. దువా చేస్తూనే ఆసుపత్రికి వెళ్ళాలి. మందులు మానేయమని చెప్పి తావీజుతో నయం చేస్తానని డబ్బు గుంజేవాడు దీన్‌కూ ద్రోహి, రోగికీ ద్రోహి.

పరదా అడ్డం కారాదు

మన స్త్రీలు ఆసుపత్రికి వెళ్ళకపోవడానికి చెప్పే మొదటి కారణం హయా. మగ డాక్టర్ ముందు ఎలా చూపించుకోవాలన్నది వారి బాధ. ఈ బాధను తేలికగా కొట్టిపారేయడం మంచిది కాదు. లేడీ డాక్టర్‌ను అడిగే హక్కు ప్రతి స్త్రీకి ఉంది, అడగాలి. లేడీ డాక్టర్ దొరకని పరిస్థితిలో భర్తనో, తల్లినో, అక్కనో తోడు తీసుకుని, అవసరమైన మేరకు మగ డాక్టర్‌కు చూపించుకోవడానికి షరియత్ అనుమతిస్తుందని ఉలమా స్పష్టంగా చెప్పారు. దైవప్రవక్త (స) కాలంలోనే హజ్రత్ రుఫైదా (రజి) మదీనా మస్జిద్ ఆవరణలో గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేశారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆమె గుడారంలోనే ఉంచారు. ప్రాణం కాపాడే సందర్భంలో మన దీన్ ఎంత విశాలంగా ఉందో ఇది చాటుతుంది. హయా పేరు చెప్పి ఒక తల్లిని మరణానికి అప్పగించడం హయా అనిపించుకోదు.

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేసే కార్యక్రమం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉంది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడిగితే ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చాలా వరకు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఈ సంగతి కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ రాకుండా టీకా ఉంది. మన దేశంలో తయారైన టీకా కూడా 2023 నుంచి దొరుకుతోంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ వయసులో ఆడపిల్లలకు వేయిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఇది పిల్ల నడవడికకు సంబంధించిన మాట కాదు. పోలియో చుక్కలు వేయించిన చేతులతోనే ఇదీ వేయించాలి.

ఇక పురుషుల సంగతి. హమాలీ పనిలో, మిల్లుల్లో, లారీల మీద, మగ్గాల దగ్గర గుట్కా, ఖైనీ నోట్లో లేని మనిషి అరుదైపోయాడు. పొగాకు లేని వక్క మాత్రమే వాడుతున్నాం, దానికేం ప్రమాదం అంటారు. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ శాస్త్రవేత్తలు 2004లోనే నిర్ధారించారు. వక్క నమిలి నమిలి బుగ్గలు బిగుసుకుపోయి నోరు మూడు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోతే అది హెచ్చరిక. మన విందుల్లో దావత్ ముగిశాక పళ్ళెం నిండా సుపారీ పొట్లాలు పెట్టి తిప్పడం మర్యాద అనుకుంటున్నాము. చేజేతులా ప్రాణాన్ని ప్రమాదంలోకి నెట్టుకోవద్దన్నది మన ధర్మం. ఆ పళ్ళెంలో ఖర్జూరాలు పెడితే మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు.

ఈ గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం, గొంతు బొంగురు తగ్గకపోవడం, మింగుడు పడకపోవడం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇవి కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. చాలాసార్లు కాదు కూడా. అయితే అవునో కాదో తేల్చవలసింది వైద్యుడు.

దారి ఖర్చు ఎవరిది?

ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు నుంచి సుమారు 65. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల మనకు దగ్గరి పెద్దాసుపత్రి. అది దాటితే హైదరాబాద్, లేదా రైలెక్కి బెంగుళూరు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. దానికి కృషి చేసిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరే దానికి పెట్టారు. బెంగుళూరు క్యాన్సర్ ఆసుపత్రికి స్వాతంత్ర్య సమరయోధుడు, కేంద్ర మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరు పెట్టారు. ఈ రెండు ఆసుపత్రుల్లోనూ కులమతాలతో నిమిత్తం లేకుండా లక్షలాది పేదలు చికిత్స పొందారు. క్యాన్సర్ రోగిని ఆదుకోవడం మన పెద్దలకు కొత్త పని కాదని చెప్పడానికే ఈ పేర్లు ప్రస్తావించాము.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ చేస్తారు. ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఏ కాగితాలు కావాలో వైద్యమిత్రను ముందుగా అడిగి తెలుసుకోవాలి. అయితే పథకం కిందికి రాని ఖర్చు ఒకటుంది. రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాల పాటు సాగుతుంది. అన్నాళ్ళు రోగి పరాయి ఊళ్ళో ఉండాలి, తోడు ఒక మనిషి ఉండాలి. ఇద్దరి తిండి, బస, చార్జీలు ఉన్నాయి. తోడు వెళ్ళిన మనిషి కూలి పోతుంది. మగ్గం ఆగుతుంది. వాన లేని ఏడు కుటుంబమంతా సుగ్గికి పోవలసి వస్తే చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది. సగంలో ఆపిన చికిత్స రోగానికి బలం ఇచ్చినట్లే.

ఇక్కడే జకాత్ గుర్తుకు రావాలి. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖురాన్ స్పష్టం చేసింది. పేదలు, అక్కరగలవారు, అప్పుల్లో మునిగినవారు, బాటసారులు అందులో ఉన్నారు. గేదెను, గాజులను అమ్మి, అప్పు చేసి, పరాయి ఊరి ఆసుపత్రి వరండాలో పడుకున్న కుటుంబం ఈ వరసలో ఎక్కడ నిలుస్తుందో ఎవరికి వారే చెప్పుకోవచ్చు. రంజాన్‌లో చిల్లరగా పంచే జకాత్‌లో కొంత భాగాన్ని ప్రతి మస్జిద్ కమిటీ రోగుల కోసం ఒకచోట చేర్చాలి. లెక్క రాసి ఉంచాలి, పుచ్చుకున్నవారి పేరు మాత్రం బయటపెట్టకూడదు. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో ఎమ్మిగనూరు నేతగాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. విడివిడిగా చితికిపోయే మగ్గాలు కలిస్తే నిలబడతాయని ఆ ఊరు లోకానికి చూపించింది. నూలుకు పనికొచ్చిన ఉపాయం ప్రాణానికి పనికిరాదా? ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ 17వ శతాబ్దం నుంచి నిలిచి ఉంది. అంతటి మస్జిద్‌లున్న ఊళ్ళో రోగి బస్సు చార్జీకి చేయి చాచవలసి రావడం శోచనీయం.

రోగంతో బతకడం

క్యాన్సర్ అనగానే కఫన్ గుర్తు చేసుకోనక్కరలేదు. చికిత్స ముగించుకుని ఏళ్ళ తరబడి పిల్లల్ని పెంచుతూ, వ్యాపారం చేసుకుంటూ ఉన్నవారు ఎందరో ఉన్నారు. పూర్తిగా నయం కాని రోగంతో కూడా చాలా కాలం బతకవచ్చు. అలా బతికేవారికి మన నుంచి కావలసినవి కొన్ని ఉన్నాయి.

కీమో వల్ల జుట్టు రాలుతుంది, చికిత్స అయ్యాక సాధారణంగా మళ్ళీ వస్తుంది. వాంతులకు మందులున్నాయి. రోగనిరోధక శక్తి తగ్గిన ఆ రోజుల్లో జ్వరం వస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోగిని పరామర్శించడం పుణ్యకార్యం. అయితే పదిమంది గుంపుగా వెళ్ళి, దగ్గుతూ తుమ్ముతూ గంటలు కూర్చుని, ఫలానావాళ్ళు ఇదే రోగంతో పోయారని చెప్పి రావడం పరామర్శ కాదు. కొద్దిసేపు కూర్చుని, దువా చేసి, ఆ పూట వంట మేము పంపుతామని చెప్పి రావాలి.

రంజాన్‌లో ఉపవాసం ఉండాలని పట్టుబట్టే రోగులున్నారు. వారి భక్తి గొప్పది. రోగికి ఉపవాసం నుంచి వెసులుబాటు ఇచ్చినవాడు అల్లాహ్. ఆయన ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం కూడా విధేయతే. కోలుకున్నాక ఖజా ఉంది, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజ్ చేయవచ్చు. నీళ్ళు తగలకూడదంటే తయమ్ముమ్ ఉంది.

నొప్పిని భరిస్తే పాపాలు కడుక్కుపోతాయని చెప్పి రోగికి నొప్పి మందు ఇవ్వని ఇళ్ళు కూడా ఉన్నాయి. మార్ఫిన్ మత్తు పదార్థం కదా, హరామ్ కదా అని సందేహిస్తారు. వైద్యుడు అవసరం మేరకు ఇచ్చే మందుకూ, మత్తు కోసం తీసుకునే దానికీ పోలిక లేదని ఉలమా చెబుతారు. నొప్పి తగ్గిన రోగి ప్రశాంతంగా నమాజ్ చేసుకోగలదు, పిల్లలతో నాలుగు మాటలు చెప్పగలదు. మార్ఫిన్ రోగులకు అందడం సులువయ్యేలా 2014లో మన చట్టాన్ని కూడా సవరించారు.

చివరగా ఒక కఠినమైన విషయం. చాలా ఇళ్ళలో రోగం పేరు కొడుకులకు, అల్లుళ్ళకు తెలుస్తుంది గాని రోగికి తెలియదు. "అమ్మీకి చెబితే కుంగిపోతుంది" అంటారు. ఆ ప్రేమను మేము శంకించడం లేదు. కానీ ఆ శరీరం ఆమెది. తీర్చవలసిన అప్పులుంటాయి, చెప్పవలసిన వసియ్యత్ ఉంటుంది, అడగవలసిన క్షమాపణలుంటాయి, చూడాలనుకునే తోబుట్టువులుంటారు. వసియ్యత్ ఉన్న ముస్లిం దాన్ని రాసి ఉంచడంలో ఆలస్యం చేయరాదన్నది దైవప్రవక్త (స) బోధన. నిజం దాచి ఆ అవకాశాన్ని లాగేసుకునే హక్కు సంతానానికి లేదు. ఒక్కసారిగా చెప్పనక్కరలేదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆమెనే అడిగి, డాక్టర్ సమక్షంలో మెల్లగా చెప్పాలి. తలగడ దగ్గర గుసగుసలు వింటూ ఒంటరిగా భయపడటం కంటే నిజం తెలిసి అయినవాళ్ళ చేయి పట్టుకోవడం మేలు.

హజ్రత్ అయ్యూబ్ (అలై) సుదీర్ఘ రోగంలో సబ్ర్‌కు ఆదర్శంగా నిలిచారు. ఆయన తన బాధను దాచలేదు, ప్రభువు ముందు చెప్పుకున్నారు. స్వస్థత కోసం వేడుకున్నారు. నీటి ఊట చూపించినప్పుడు లేచి ఆ నీటితో స్నానం చేశారు. చెప్పుకోవడం, వేడుకోవడం, చూపిన దారిలో నడవడం, ఈ మూడూ కలిస్తేనే సబ్ర్. ఈ మాటను ఇమామ్ సాహెబ్‌లు జుమా రోజున మింబర్ మీద నుంచి ఏడాదికి ఒక్కసారైనా 'క్యాన్సర్' అన్న పేరు పెట్టి చెప్పాలని మేము కోరుతున్నాము. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళిన మగవారు తమ తల్లిని, భార్యను, అక్కచెల్లెళ్ళను ఒక్క మాట అడగాలి. ఏమైనా దాచుకున్నావా అని, ఉంటే రేపే వెళదాం పద అని.

రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవ చేసేవారికి ఓపికను, స్తోమతను ఇచ్చుగాక! ఆమీన్.